ఫొటో చూసి పెంపుడు జంతువు బొమ్మ గీయడం: "ఇది మా రాజానే" అనిపించాలంటే

కుక్క బొమ్మ గీసి ఇస్తే చూసినవాళ్లంతా బాగుందంటారు. దానికి రోజూ అన్నం పెట్టే మనిషి మాత్రం కాసేపు తేరిపార చూసి, "బాగుందండీ, కానీ మా రాజాలా లేదు" అంటారు. వెంట్రుకలన్నీ ఒక్కొక్కటిగా గీసినా ఆ మాట పడొచ్చు. ల్యాబ్రడార్ ఎలా ఉంటుందో మనకు తెలుసు. ఈ ల్యాబ్రడార్ ఎలా ఉంటుందో తెలిసింది వాళ్లకే. ఫొటోకి కూడా పూర్తిగా తెలియదు. ఫోన్ కెమెరా ముక్కును పెద్దది చేస్తుంది, నల్ల బొచ్చును మసి చేస్తుంది, కళ్లలో లేని వెలుగు పెడుతుంది. అందుకే ఈ పనిలో సగం పెన్సిల్ పట్టకముందే అయిపోవాలి.

బెజవాడలోనో గుంటూరులోనో ఉండి ఇంట్లో కుక్కనో పిల్లినో గీయాలనుకునేవాళ్లకీ, నలుగురికి గీసిచ్చి నాలుగు డబ్బులు సంపాదించుకుందామనుకునేవాళ్లకీ ఈ పద్ధతి పనికొస్తుంది. ప్రధానంగా పెన్సిల్ పని గురించే చెబుతాను. రంగు పెన్సిళ్ల సంగతి తర్వాత వస్తుంది.

ముందు అడగాల్సినవి

ఆర్డర్ ఇచ్చినవాళ్లు సాధారణంగా ఒక్క ఫొటో పంపి "ఇది గీయండి" అంటారు. ఒక్కదానితో మొదలుపెట్టకండి. కనీసం ఏడెనిమిది ఫొటోలు అడగండి. ఎదురుగా, పక్క నుంచి, నిలబడి, కూర్చుని, నోరు మూసి, నోరు తెరిచి, ఇలా రకరకాలవి కావాలి. అందులో ఒకటి అసలు ఫొటో, మిగతావి దాన్ని సరిచూసుకోవడానికి. వాట్సాప్‌లో మామూలుగా పంపిస్తే ఫొటో నలిగిపోయి కళ్ల దగ్గర అంతా చుక్కలు చుక్కలుగా వస్తుంది. డాక్యుమెంట్‌గా పంపమని చెప్పండి. ఈ ఒక్క మాట చెబితే చాలా తలనొప్పి తప్పుతుంది.

తర్వాత ఫోన్ చేసి మాట్లాడండి. "నాలుగు ల్యాబ్‌లు పక్కపక్కన నిలబెడితే మీదాన్ని దేన్నిబట్టి గుర్తుపడతారు?" అని అడగండి. అప్పుడు బయటపడతాయి అసలు సంగతులు: ఎడమ చెవి కొస చిన్నగా చిరిగి ఉంటుందనీ, గడ్డం కింద తెల్లమచ్చ ఉందనీ, ఎప్పుడూ తల కాస్త కుడికి వాల్చి చూస్తుందనీ, ఒక కోర పన్ను బయటికి కనబడుతుందనీ. ఇవి రాసిపెట్టుకోండి. ఎంచుకున్న ఫొటోలో ఇవి కనబడకపోతే ఆ ఫొటో ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేయండి. ఇక్కడే ఇంకో జాగ్రత్త కూడా ఉంది: సెల్ఫీ కెమెరాతో తీసినవి కొన్ని ఫోన్లలో ఎడమ కుడి తారుమారై వస్తాయి. చిరిగింది ఏ చెవో నోటితో చెప్పించుకోవాలి.

మరో ప్రశ్న ఉంది, అది మెల్లగా అడగాలి: ఇప్పుడది ఉందా, పోయిందా? పోయిన కుక్క బొమ్మ అయితే కొత్త ఫొటోలు రావు, ఉన్నవాటితోనే సర్దుకోవాలి. పదే పదే "ఇంకో ఫొటో ఉందేమో చూడండి" అని వాళ్ల ఫోన్లు వెతికించొద్దు, ఒక్కసారి అడిగి ఊరుకోండి. పాత ఫొటో చిన్నదీ మసకదీ అయితే బొమ్మ సైజు తగ్గించండి. ఏ5 సైజులో (ఏ4లో సగం) మసక ఫొటో నుంచి కూడా ముచ్చటైన బొమ్మ వస్తుంది, అదే ఏ3కి పెంచితే లేని వివరాలు మనం కల్పించాల్సి వస్తుంది. కల్పించిన చోటే పోలిక పోతుంది. ఏ వయసులో ఉన్నప్పటి రూపం కావాలో కూడా అడగండి. ముసలితనంలో మూతి నెరిసిన కుక్కను కొందరు అలాగే కోరుకుంటారు, కొందరు రెండేళ్లప్పటి నల్లమూతే కావాలంటారు.

మీరే ఫొటో తీయగలిగితే

జంతువు ఊళ్లోనే ఉంటే వెళ్లి తీసుకోవడమే మేలు. పటమటలోనో లక్ష్మీపురంలోనో అపార్టుమెంటుకి వెళ్తే అక్కడ మీకు కావలసింది ఒక పెద్ద కిటికీ లేదా బాల్కనీ తలుపు. దాని వెలుగు ఒక పక్క నుంచి ముఖం మీద పడాలి. నేరుగా ఎండ వద్దు, ట్యూబ్‌లైటు వద్దు, ఫ్లాష్ అసలే వద్దు. కుక్కలకీ పిల్లులకీ కంటి లోపల వెలుగును వెనక్కి కొట్టే పొర ఒకటి ఉంటుంది. ఫ్లాష్ పడితే ఆ పొర పచ్చగానో పసుపుగానో మెరిసి కంటి రంగే కనబడకుండా చేస్తుంది.

కెమెరా దాని కళ్ల ఎత్తులో ఉండాలి. నిలబడి కిందికి చూస్తూ తీస్తే తల పెద్దదై కాళ్లు పుల్లలవుతాయి. నేల మీద కూర్చోండి, పగ్ లాంటి పొట్టిదైతే బోర్లా పడుకోండి. మొహమాటపడొద్దు. దగ్గరికి వెళ్లి తీయకండి. ఫోన్ అసలు లెన్స్ వెడల్పుగా చూసే రకం, ఒక అడుగు దూరం నుంచి తీస్తే ముక్కు ఉబ్బి చెవులు వెనక్కి పారిపోతాయి. ఐదారు అడుగుల దూరంలో కూర్చుని 2ఎక్స్ జూమ్ పెట్టండి. పోర్ట్రెయిట్ మోడ్ ఆపేయండి. వెనకాల మసక చేయబోయి మీసాలనూ చెవి అంచు వెంట్రుకలనూ కూడా చెరిపేస్తుంది.

నల్ల కుక్క అయితే తెర మీద దాని ముఖాన్ని నొక్కి వెలుగు కాస్త పెంచండి. వెనక గోడ తెల్లగా వెలిసిపోయినా పర్వాలేదు, బొచ్చులో వివరం ముఖ్యం. తెల్ల పామెరేనియన్‌కి దీనికి తిరగబడి, వెలుగు తగ్గించాలి.

మన ఊరి ఎండ గురించి కూడా ఒక మాట. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటాక కుక్క పగలంతా నాలుక వేలాడేసి రొప్పుతూనే ఉంటుంది. అప్పుడు నోటి మూలలు వెనక్కి లాగుకుంటాయి, కళ్లు చిన్నవవుతాయి, చెవులు వెనక్కి వాలతాయి, ముఖం ఆకారమే మారిపోతుంది. కొంతమందికి అదే "నవ్వే ముఖం", అదే కావాలంటారు. కాదంటే పొద్దున ఆరున్నర, ఏడు మధ్యలో, వాకింగ్‌కి తీసుకెళ్లకముందు తీయండి. ఏసీ గదిలో పావుగంట కూర్చోబెట్టాక తీసినా సరే. చెవులు నిక్కించడానికి బిస్కెట్ ప్యాకెట్ చప్పుడు పనిచేస్తుంది, కానీ మూడు నాలుగుసార్లకు మించి మోసపోదు. అందుకని ముందే ఫ్రేము సిద్ధం చేసుకుని అప్పుడు చప్పుడు చేయించండి.

కాగితం, పెన్సిళ్లు

బీసెంట్ రోడ్డు, గవర్నర్‌పేట వైపు పెద్ద స్టేషనరీ షాపుల్లోగానీ, గుంటూరులో అరండల్‌పేట, బ్రాడీపేట షాపుల్లోగానీ మామూలు సరుకు దొరుకుతుంది. ప్రత్యేకమైన కాగితాలకు ఆన్‌లైన్ తప్పదు. స్కూలు పిల్లల డ్రాయింగ్ షీటు వద్దు, రెండు మూడు పొరలకే పైపొర లేచిపోతుంది. గరుకు వాటర్‌కలర్ కాగితమూ వద్దు. నున్నగా ఉండే హాట్‌ప్రెస్డ్ కాగితం గానీ నున్నటి అట్టలాంటి బ్రిస్టల్ గానీ, 200 నుంచి 300 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) మధ్యలో, యాసిడ్ ఫ్రీ (ఏళ్లు గడిచినా త్వరగా పసుపెక్కనిది) అని రాసి ఉన్నది తీసుకోండి. డబ్బు పెట్టాల్సిన చోటు ఇదే. పెన్సిళ్లు అప్సరవో క్యామ్లిన్‌వో అయినా పని నడుస్తుంది, కాగితం నాసిరకమైతే ఖరీదైన స్టెడ్లర్ పెన్సిల్ కూడా కాపాడలేదు.

2హెచ్, హెచ్‌బీ, 2బీ, 4బీ, 8బీ చాలు. హెచ్ అంటే గట్టి పెన్సిల్, గీత లేతగా పడుతుంది. బీ అంకె పెరిగేకొద్దీ మెత్తన, ముదురు. చేత్తో నలిపి కావలసిన ఆకారంలోకి తెచ్చుకునే నీడబుల్ ఎరేజర్ ఒకటి, పెన్సిల్‌లా సన్నగా ఉండే ఎరేజర్ ఒకటి, సిరా అయిపోయిన బాల్‌పెన్ను ఒకటి కావాలి. బాల్‌పెన్ను ఎందుకో మీసాల దగ్గర చెబుతాను. 8బీతో గట్టిగా రుద్దితే నలుపు రాదు, వెండిలా మెరుపు వస్తుంది. చిక్కటి నలుపు కావాలంటే బొగ్గుతో చేసిన చార్‌కోల్ పెన్సిల్ వాడాలి, అదీ ఆ చోట ముందుగానే. గ్రాఫైట్ (మామూలు పెన్సిల్ ములుకు) దట్టంగా పట్టిన కాగితం మీద చార్‌కోల్ జారిపోతుంది.

చెమట చేతుల సంగతి మరిచిపోవద్దు. చేతి కింద ఎప్పుడూ ఒక తెల్లకాగితం ఉంచండి. నూనె, చెమట అంటిన చోట పెన్సిల్ మచ్చలుగా పడుతుంది, అది తర్వాత పోదు.

కొలతలు: గళ్ల పద్ధతి

ఒక్క తల, భుజాల వరకు అయితే ఏ4 సరిపోతుంది. రెండు జంతువులో, నిలువెత్తు రూపమో అయితే ఏ3. ఏ3 మీద గీసేటట్టయితే ఇలా చేయండి. ఫొటోను 5×7 అంగుళాల నిష్పత్తికి కత్తిరించి కలర్ ల్యాబ్‌లో రెండు ప్రింట్లు తీయించండి: ఒకటి రంగుల్లో, ఒకటి నలుపు తెలుపులో. నలుపు తెలుపు ప్రింటు మీద అరంగుళం గళ్లు గీయండి. అడ్డంగా 10, నిలువుగా 14 గళ్లు వస్తాయి. కాగితం మీద 2హెచ్‌తో, తాకీ తాకనట్టు, అంగుళం గళ్లు గీస్తే బొమ్మ సరిగ్గా రెండింతలై 10×14 అంగుళాలవుతుంది. ఏ3 కొలత దాదాపు 11.7×16.5 అంగుళాలు కాబట్టి చుట్టూ ఫ్రేము పనికి చోటు మిగులుతుంది. కళ్లు, ముక్కు ఉన్న గళ్లను మాత్రం మళ్లీ నాలుగేసి భాగాలు చేసుకోండి. తప్పులన్నీ అక్కడే దొర్లుతాయి.

ట్రేసింగ్ చేసుకుంటే తప్పా అని చాలామంది అడుగుతారు. తప్పేం లేదు. గడువు దగ్గరపడ్డ ఆర్డరుకి కిటికీ అద్దం మీద పెట్టి దించుకోవచ్చు. అయితే ట్రేసింగ్ కెమెరా చేసిన తప్పును కూడా అలాగే దించుతుంది. ముక్కు ఉబ్బిన ఫొటోను ఎంత నిక్కచ్చిగా దించితే అంత నిక్కచ్చిగా తప్పు వస్తుంది. అందుకే పక్క నుంచి తీసిన ఫొటో కూడా ఎదురుగా ఉండాలి. మూతి పొడవు తలలో ఎంత భాగమో అందులో చూసి, కావలిస్తే ఎదురు బొమ్మలో ముక్కును కొద్దిగా, ఒక నూలు అటూ ఇటూ, తగ్గించుకోవాలి.

గీతలు పూర్తయ్యాక షేడింగుకు తొందరపడొద్దు. రెండు కళ్ల లోపలి మూలల నుంచి ముక్కు కొసకు గీతలు గీస్తే వచ్చే త్రికోణాన్ని ఫొటోలోనూ బొమ్మలోనూ పోల్చండి. పోలికంతా దాదాపుగా ఈ త్రికోణంలోనే ఉంది. కళ్ల మధ్య దూరంలో ఎన్ని కళ్లు పడతాయి, చెవి మొదలు కంటికి ఎంత పైన ఉంది, తల వాల్చినప్పుడు కళ్ల గీత ఎంత వాలింది, ఇవన్నీ స్కేలుతోనే చూడండి. తర్వాత బొమ్మను తలకిందులు చేసి చూడండి, అద్దంలో చూడండి. ఫోన్‌తో బొమ్మను నిటారుగా ఫొటో తీసి, అసలు ఫొటోతో ఒకదాని తర్వాత ఒకటి గబగబా మార్చి చూస్తే ఏది పక్కకు జరిగిందో కంటికి ఇట్టే తెలుస్తుంది. ఈ దశలోనే ఆర్డర్ ఇచ్చినవాళ్లకు పంపించి చూపించండి. గీతగా ఉన్నప్పుడు మార్పు ఐదు నిమిషాల పని, బొచ్చు గీశాక అది రెండు రోజుల పని.

బొచ్చు ఎటు పారుతోంది

చెత్త కాగితం మీద తల ఆకారం గీసి, బొచ్చు ఏ చోట ఎటు తిరిగిందో బాణాలు వేసుకోండి. కుక్కకు ముక్కు మీద నుంచి బయలుదేరి నుదుటి మీదుగా వెనక్కి పోతుంది. కళ్ల చుట్టూ బయటికి విచ్చుకుంటుంది. చెంపల మీద కిందికి, వెనక్కి జారుతుంది. ఛాతీ మీద చాలావాటికి సుడి ఉంటుంది. ముక్కు పక్కన వెంట్రుక నూగులా ఉంటుంది, మెడకి వచ్చేసరికి అంగుళం దాటుతుంది. ఈ పొడవు తేడా చూపించకపోతే ఎంత కష్టపడ్డా బొమ్మ బొంతగుడ్డ అవుతుంది. బాణాల కాగితం పని అయ్యేదాకా పక్కనే ఉంచుకోండి, మధ్యలో భోజనానికి లేచి వచ్చాక చెయ్యి అలవాటుగా అంతా ఒకే వైపు గీసేస్తుంది.

కళ్లు ముందు

కళ్లతో మొదలుపెట్టండి. అవి కుదరకపోతే మిగతాది గీయడం దండగ, కొత్త కాగితం తీసుకోవచ్చు. ముందుగా మెరుపు చుక్క ఎక్కడుందో సన్నగా గీసి, ఆ చోటును కాగితం తెలుపుగానే వదిలేయండి. తర్వాత కనుపాప, బాగా నల్లగా. పాప చుట్టూ ఉన్న రంగు వలయం అంతటా ఒకేలా ఉండదు: పై రెప్ప నీడ పడడం వల్ల పైభాగం ముదురు, మెరుపుకి ఎదురుగా కింది భాగం లేత. ఆ లేత భాగమే కంటికి లోతునిస్తుంది. రెప్పల అంచు నల్లటి గీత కాదు, దానికి మందం ఉంటుంది. కింది రెప్ప అంచున తడి మెరిసే సన్నటి గీత వదిలిపెడితే కన్ను బతుకుతుంది. కుక్కకు తెల్లగుడ్డు మూలల్లో కొద్దిగానే కనబడుతుంది. దాన్ని కూడా బూడిద రంగులో వేయాలి తప్ప తెల్లగా వదలొద్దు, వదిలితే భయపడ్డ చూపవుతుంది.

ఫొటోలో ఒక్కోసారి కంటిలో నాలుగైదు మెరుపులుంటాయి, ట్యూబ్‌లైటుదీ, కిటికీదీ, ఫోన్ పట్టుకున్న మనిషిదీ. ఒక్కటే ఉంచి మిగతావి తీసేయండి. రెండు కళ్లలోనూ అది ఒకే వైపు ఉండాలి.

పిల్లి కంటికి లెక్క వేరు. వెలుగులో పాప నిలువు చీలిక, చీకట్లో గుండ్రం. సన్నటి చీలిక ఉన్న ఫొటోలో పిల్లి కోపంగా కనబడుతుంది, కాబట్టి నీడలో తీసిన ఫొటో ఎంచుకుంటే ముఖం మెత్తబడుతుంది. పిల్లికి వలయం రంగు ఎక్కువ కనబడుతుంది, పాప దగ్గర ఒక రంగు, అంచు దగ్గర ఇంకో రంగు ఉండటం మామూలే.

ముక్కు, మూతి

నల్లముక్కు అంతా నల్లగా ఉండదు. నాసికా రంధ్రాలు ఒక్కటే చిక్కటి నలుపు. పైభాగం మీద వెలుగు పడి బూడిదగా ఉంటుంది. చర్మం గరుకు చూపించడానికి చిన్న చిన్న సున్నాలు కలిపినట్టు, ఒకదానితో ఒకటి సమానంగా లేకుండా వేయండి. రంధ్రాల నుంచి పక్కకు చీలిన కామా ఆకారం గమనించండి. నోటి గీతను ఒకే మందంతో గీయొద్దు, మూలల్లో ముదురుగా, మధ్యలో మాయమవుతున్నట్టు ఉండాలి. ఆ మూల ఒక నూలు పైకి పోతే నవ్వు, కిందికి పోతే ఏడుపు.

బొచ్చు పని

ఇక్కడ ఓపిక కావాలి, కానీ అందరూ అనుకున్నంత కష్టం లేదు. ముందు వెంట్రుకల్ని మరిచిపోండి. కళ్లు సగం మూసుకుని నలుపు తెలుపు ప్రింటును చూసి, పెద్ద పెద్ద నీడలు ఎక్కడున్నాయో వాటిని హెచ్‌బీతో మెత్తగా వేయండి: చెవి కింద, దవడ కింద, కళ్ల గుంటల్లో. దాని మీద మొన చెక్కిన 2బీతో, బాణాలు చెప్పిన వైపు, మొదట్లో నొక్కి కొసలో చెయ్యి లేపేస్తూ గీతలు వేయండి. రెండు కొసలూ మొద్దుగా ఉన్న గీత గడ్డిపరకలా కనబడుతుంది. వెంట్రుకలు విడివిడిగా ఉండవు, గుత్తులుగా ఉంటాయి. గుత్తికీ గుత్తికీ మధ్య ఉన్న నీడను గీస్తే గుత్తి తనంతట తానే పైకి లేస్తుంది. చివరికి నీడబుల్ ఎరేజర్‌ను అంచులా నొక్కి, కొన్ని వెంట్రుకల్ని ఎత్తితే వెలుగు వచ్చేస్తుంది.

మీసాలకు ఆ సిరా లేని బాల్‌పెన్ను. షేడింగుకు ముందే మీసం వచ్చే చోట దానితో నొక్కి గీస్తే కాగితంలో సన్నటి గాడి పడుతుంది. పైన పెన్సిల్ పోనిచ్చినా గాడిలోకి దిగదు, తెల్ల మీసం మిగిలిపోతుంది. ఒక్క ఊపులో గీయాలి, వణుకుతూ గీస్తే వణుకు అలాగే ఉండిపోతుంది. చెత్త కాగితం మీద రెండుసార్లు చెయ్యి ఆడించుకుని మొదలుపెట్టండి. పిల్లికి ఒక్కో పక్క సుమారు 12 మీసాలు నాలుగు వరసల్లో ఉంటాయి, మొదళ్ల దగ్గర చిన్న చుక్కలుంటాయి. అన్నీ గీయక్కర్లేదు గానీ చుక్కల వరస తప్పితే పిల్లిని పెంచేవాళ్లు పట్టేస్తారు.

నల్ల బొచ్చు అందరూ చెడగొట్టే చోటు. అంతా నల్లగా నింపేస్తే గుంటలా కనబడుతుంది. నల్ల కుక్క ఒంటి మీద ఎక్కువ భాగం ముదురు బూడిద, అక్కడక్కడ మాత్రమే నిజమైన నలుపు, ఎముక లేచిన చోట దాదాపు తెలుపు. మెరుపులు ఉన్న చోట్లు ముందు గుర్తుపెట్టి, వాటి చుట్టూ ముదురు కట్టుకుంటూ రండి. తెల్ల బొచ్చుకు గీయాల్సింది నీడ ఒక్కటే. అంచు కోసం బయట గీత గీయకండి. దాని వెనకాల కాస్త బూడిద రంగు వేస్తే తెలుపు దానంతటదే కనబడుతుంది. మన వీధికుక్కల్లో ఎక్కువగా కనబడే లేత గోధుమ రంగు వీటన్నిటికన్నా సులువు, నేర్చుకునేవాళ్లు దానితో మొదలుపెట్టడం మంచిది.

రంగు పెన్సిళ్లతో అయితే

ఇంతవరకు చెప్పిన వరసే, కాకపోతే లేత రంగు నుంచి ముదురుకి పోవాలి, పొర మీద పొర, చెయ్యి తేలిగ్గా. గోధుమ రంగు కుక్కకు క్రీమ్, ఎల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా, బర్న్ట్ అంబర్, చివరికి ముదురు సెపియా. నల్ల బొచ్చు మెరుపులో ఆకాశం నీలం కొద్దిగా ఉంటుంది, అది వేస్తే బొచ్చు నిగనిగలాడుతుంది. మైనం ఎక్కువున్న పెన్సిళ్లు మన ఎండాకాలంలో మెత్తబడి మొనలు విరుగుతాయి. దట్టంగా వేసిన ముదురు రంగు మీద కొన్నాళ్లకు తెల్లటి పొర కూడా లేస్తుంది, మెత్తటి గుడ్డతో తుడిస్తే పోతుంది. ఫేబర్-కాస్టెల్ పాలీక్రోమోస్ లాంటి నూనె ఆధారిత పెన్సిళ్లకు ఈ బాధ తక్కువ. ధర మాత్రం ఎక్కువ, కాబట్టి పెద్ద పెట్టె కొనకుండా మీకు కావలసిన పది పన్నెండు రంగులు విడిగా కొనుక్కోండి.

కుక్కా పిల్లీ కాకుండా

గుంటూరు, కృష్ణా పల్లెల నుంచి ఒంగోలు గిత్తల బొమ్మలు అడిగేవాళ్లుంటారు, ముఖ్యంగా సంక్రాంతి బండలాగుడు పోటీలకు పెంచేవాళ్లు. వీటి దగ్గర బొచ్చు కన్నా ఆకారం ముఖ్యం. తెల్లటి ఒళ్లు, మెడ మీదా మూపురం మీదా బూడిద ఛాయ, కాటుక పెట్టినట్టు నల్లటి కళ్ల అంచులు, నల్లటి మూతి. మూపురం ఎత్తు, గంగడోలు మడతలు, కొమ్ముల వంపు ఏ మాత్రం తేడా వచ్చినా రైతు ఒప్పుకోడు. ఆయన కన్ను కొలబద్ద కన్నా కచ్చితం. తలకన్నా పక్క నుంచి నిలువెత్తు రూపం అడగడమే ఎక్కువ. పశువులకూ మేకలకూ పాప అడ్డంగా ఉంటుంది, గుండ్రంగా వేస్తే మనిషి కన్నవుతుంది.

పందెంకోళ్లకు ఈకల రంగును బట్టి పేర్లున్నాయి. నల్లదాన్ని కాకి అంటారు, ఎర్రదాన్ని డేగ అంటారు, తెల్లదాన్ని సేతువ అంటారు. పెంచినవాళ్లు ఆ పేరుతోనే చెబుతారు, రంగులు తీసుకునేముందు అడిగి రాసుకోండి. రామచిలుక బొమ్మ గీయొచ్చు గానీ దాన్ని పంజరంలో పెట్టి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఆ ఇంటి ఫొటో ఆన్‌లైన్‌లో పెట్టి ఊరందరికీ చూపించకపోవడం వాళ్లకే మంచిది.

ధర, హక్కులు, అప్పగింత

ఏ4 సైజులో ఒక తల, పెన్సిల్ పని, పొట్టి బొచ్చు అయితే 8 నుంచి 12 గంటలు పట్టొచ్చు. పొడవాటి జుట్టున్న పర్షియన్ పిల్లి, ఏ3, రంగుల్లో అంటే దానికి రెండు మూడింతలు. మీ గంటకి ఎంతో మీరే అనుకుని, దానికి కాగితం, ఫ్రేము ఖర్చు కలిపి ముందే చెప్పండి. సగం బయానా తీసుకోకుండా మొదలుపెట్టొద్దు, చుట్టాలైనా సరే. ఎన్నిసార్లు మార్పులు చేస్తారో, ఏ దశ తర్వాత చేయరో కూడా అప్పుడే చెప్పాలి.

ఇంటర్నెట్‌లో దొరికిన ఎవరిదో ఫొటో చూసి ఆర్డర్ పని చేయకండి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: మన 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, ఒకరు అడిగి డబ్బిచ్చి గీయించుకున్న బొమ్మకు, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ గీయించుకున్నవాళ్లదే. అంటే ఆ బొమ్మను మీరు తర్వాత క్యాలెండర్ మీదో కప్పుల మీదో వేసి అమ్మాలనుకుంటే ముందే రాతపూర్వకంగా మాట్లాడుకోవాలి. వాట్సాప్‌లోనైనా సరే, రాసుకోండి.

పని అయ్యాక గళ్ల గీతలు ఎక్కడైనా మిగిలాయేమో చూసి, సంతకం చేసి, స్కాన్ తీయించుకోండి. తర్వాత పెన్సిల్ చెదరకుండా పట్టి ఉంచే ఫిక్సేటివ్ స్ప్రే: గాలాడే చోట, అడుగు దూరం నుంచి, పల్చగా రెండు మూడు పొరలు. ముసురు పట్టిన రోజు వద్దు, ఇంట్లో జంతువులు పక్కన ఉన్నప్పుడు వద్దు. రంగు పెన్సిల్ బొమ్మకైతే ముందు చెత్త ముక్క మీద చూసుకోండి, లేత రంగులు మారొచ్చు.

పటం కట్టే షాపువాళ్లకు దేవుడి పటాలు కట్టడం అలవాటు, కాగితాన్ని నేరుగా అద్దానికి ఆనించి బిగించేస్తారు. మన ఉక్కలో అద్దం లోపల చెమ్మ పట్టి బొమ్మ అతుక్కుంటుంది, బూజు పడుతుంది. చుట్టూ మౌంట్ బోర్డు (మధ్యలో కత్తిరించిన మందపాటి అట్ట) వేసి అద్దానికీ బొమ్మకీ ఖాళీ ఉంచమని దగ్గరుండి చెప్పండి. వెనక ప్లైవుడ్‌కి ముందు యాసిడ్ ఫ్రీ కాగితం ఒక పొర పెట్టించండి. పోయిన జంతువు బొమ్మ అయితే మేకు కొట్టుకునే కొక్కెంతో పాటు బల్ల మీద నిలబెట్టుకునే కాలు కూడా పెట్టించడం మంచిది. గోడ మీద దండ వేసిన పటాల వరసలో పెట్టడానికి కొందరికి మనసొప్పదు.

వేరే ఊరికి పంపాలంటే అద్దం లేకుండా పంపండి. చుట్టి ట్యూబులో పెట్టొద్దు, గ్రాఫైట్ రాసుకుపోతుంది. బొమ్మ మీద బటర్ పేపర్ పరిచి, రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, నాలుగు పక్కలా టేపు వేసి, పైన ప్లాస్టిక్ కవరు. ఆర్టీసీ కార్గోలో వేసినా కొరియర్‌లో వేసినా "వంచరాదు" అని రెండు వైపులా పెద్దక్షరాలతో రాయండి. అందుకోవాల్సినవాళ్లకు రసీదు ఫొటో పంపండి. పార్సిల్ విప్పేటప్పుడు బ్లేడు లోతుగా దించొద్దని కూడా అదే మెసేజ్‌లో చెప్పేయండి.